తెగిన చోటు ఒకటి, తప్పున్న చోటు ఇంకొకటి: మా అంబాసిడర్ మీటరు కేబులు గోల

ఏడాదిన్నరలో మా అంబాసిడర్‌కి మూడు మీటరు కేబుళ్లు, అంటే గేర్‌బాక్సు నుంచి స్పీడు మీటరుని తిప్పేవి, తెగాయి. మూడూ గేర్‌బాక్సు నుంచి జానెడు పైన, ఎవరో టేపు పెట్టి కొలిచి కోసినట్టు ఒకే చోట. మూడుసార్లూ షెడ్డులో విన్న మాట కూడా ఒకటే, "ఇప్పుడొచ్చేదంతా డూప్లికేట్ సరుకండి, ఏం చేస్తాం." నాలుగోది నేనే వేశాను. వేసి ఏడాది దాటింది, ఇంకా తిరుగుతోంది. నా చెయ్యి గొప్పదని కాదు. మొదటి మూడుసార్లు మేం కేబులు మార్చాం, నాలుగోసారి అది ఎందుకు తెగుతోందో చూశాం, అంతే తేడా. ఈ తేడా మీద మా బావకీ నాకూ ఇప్పటికీ తగువు నడుస్తూనే ఉంది, అందుకే మొత్తం రాసిపారేద్దామని కూచున్నాను.

ముందు బండి సంగతి. మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు. 1987లో కొన్నారు. మా ఇంట్లో ఆ ఏడాది పేరు చెప్పరు, "వరదొచ్చిన మరుసటేడు" అంటారు, 1986 ఆగస్టులో గోదావరి చేసిన పని చూసినవాళ్లకి వేరే కేలండరు అక్కర్లేదు. ఎడమ వైపు మడ్‌గార్డు మీద ఓ సొట్ట ఉంది, 1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరిచెట్టు పడి వచ్చింది. సొట్ట తీయిద్దామని నేనెన్నిసార్లు అన్నా నాన్నగారు ఒప్పుకోలేదు, చెట్టు పోయింది కదా, దాని గుర్తయినా ఉండనీ అంటారు. కలకత్తా పక్కన ఉత్తరపరాలో ఈ బండి తయారీ 2014 మేలో ఆగిపోయింది, అయినా సామాన్లు దొరుకుతూనే ఉన్నాయి. దొరికేవాటిలో మంచివేవో కానివేవో తెలుసుకోవడమే ఇప్పుడు అసలు పని.

ఇంకో వస్తువు గురించి చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. నాన్నగారి పెట్రోలు పుస్తకం. మొదట్లో కిరాణా కొట్లో అమ్మే పొడుగు ఖాతా పుస్తకం, తర్వాత నోట్సులు, ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, ఏ ఊళ్లో పోయించారో. అప్పుడప్పుడూ పక్కన ఓ ముక్క, "పెద్దమ్మాయి పెళ్లి", "టైర్లు రెండు", "తుఫాను, బండి తియ్యలేదు". ఇది ఆయనకి సరదా కాదు, అవసరం. మా బండిలో పెట్రోలు ముల్లు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నమ్మదగింది కాదు, సగం దగ్గర నిద్రపోతుంది, ఒక్కోసారి ఖాళీ టాంకుకి కూడా సగమే చూపిస్తుంది. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు ఖాయంగా వస్తుందని తెలుసు కాబట్టి, పోయించినప్పుడు మీటరెంతుందో రాసుకుంటే చాలు, ఎంత మిగిలిందో లెక్కే చెబుతుంది. అంటే మా ఇంట్లో కిలోమీటర్ల మీటరే పెట్రోలు మీటరు. ఇంజన్ ఆయిలు ఎప్పుడు మార్చాలో చెప్పేదీ అదే, టైరు ఎన్నాళ్లు నడిచిందో చెప్పేదీ అదే.

అందుకే "మీటరు పోతే పోయింది, బండి ఆగదు కదా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మండుతుంది అంటున్నాను గానీ ఎనిమిది నెలలు నేను చేసింది కూడా అదే, దాని సంగతికి తర్వాత వస్తాను.

ఈ మూడింటికీ ముందున్న పాత కేబులు తెగడానికి ముందు 2022 జులై వరద వచ్చింది. మాది కొత్తపేట దాటాక లోపలికి, గోదావరి పాయ గౌతమి గట్టుకి మరీ దూరం కాదు. బండి ఉన్న పాక పల్లం. ఎత్తు మీదకి తీసుకెళ్లేలోపే నీళ్లు ఫుట్‌బోర్డు దాకా వచ్చాయి. రెండు రోజులు అలాగే నానింది. నీళ్లు తీశాక బ్రేకులు విప్పించాం, ఆయిళ్లన్నీ మార్పించాం, సీట్లు ఎండబెట్టాం, కేబులు సంగతి ఎవరికి గుర్తొస్తుంది? ఆ చలికాలం ముల్లు గెంతడం మొదలెట్టింది. నేను నలభైలో వెళ్తుంటే అది ఇరవైకీ అరవైకీ మధ్య తీన్మార్ వేసేది. తర్వాత డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఓ కీచు, పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లు పిచిక పిల్లల్ని ఎవరో నొక్కుతున్నట్టు. ఓ రోజు పెళ్లికని రాజమండ్రి పోతుంటే జొన్నాడ దగ్గర కీచు ఠక్కున ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. ముల్లు సున్నా మీద పడుకుంది.

షెడ్డులో కొత్త ఇన్నరు వేశారు. ఇన్నరంటే లోపల తిరిగే ఉక్కు పురి, దాని చుట్టూ ఉండే గొట్టం ఔటరు. ఔటరు పాతదే ఉంచి ఇన్నరు మాత్రం మార్చి, దానికి చేటెడు గ్రీజు పూసి తోశారు. "ఇక మీ జన్మలో తెగదండి." ఎనిమిది నెలలకి తెగింది. రెండోది వేరే షెడ్డు, అదే గ్రీజు, అదే మాట, తొమ్మిది నెలలకి అయిపోయింది. మూడోది తిన్నగా ఒక్క వారం కూడా తిరగలేదు. ఆ షెడ్డువాళ్ల మీద నాకు కోపం లేదు. ఫ్యాను బెల్టో వాటర్ పంపో పోతే బండి ఆగుతుంది, ఆగితే మనిషి వస్తాడు, వస్తే కారణం వెతుకుతారు. మీటరు పోయినవాడు "ఎప్పుడైనా ఖాళీ ఉన్నప్పుడు చూడండి" అంటాడు. అడిగేవాడికే తొందర లేకపోతే చేసేవాడికి ఎందుకుంటుంది?

మూడోది తెగాక నాకూ విసుగొచ్చి వదిలేశాను. ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను, అందులో జీపీఎస్ స్పీడు చూపిస్తుంది. మొదట్లో బానే ఉంది. నెల తిరిగేసరికి ఫోను పెట్టడం మానేశాను, ఎందుకంటే చార్జింగు, ఎండ, మధ్యలో ఎవరో ఫోన్ చెయ్యడం. స్పీడు నాకు తెలుస్తుందిలే అనుకున్నాను. ముప్ఫయ్యేళ్లు నడిపినవాడికి ఇంజన్ శబ్దం చాలదా?

చాలదు. హైవే మీద గంట సేపు డెబ్బైలో వచ్చాక మన కళ్లకి డెబ్బై అలవాటైపోతుంది. రావులపాలెం దగ్గర దిగి మా వైపు కాలువ గట్టు రోడ్డు ఎక్కేసరికి యాభై అంటే ఇరవైలా ఉంటుంది. నవంబరులో ఓ సాయంత్రం అలాగే వచ్చాను. రోడ్డుకి ఓ పక్క ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు, ఇంకో పక్క కాలువ. మలుపు తిరిగాక చూశాను. బ్రేకు మీద నిలబడ్డాను. ముందు చక్రం గట్టు అంచు మట్టిలో దిగబడి ఆగింది. ధాన్యం దగ్గర కూచున్న ముసలావిడ లేచొచ్చి, "ఏం నాయనా, అంత స్పీడెందుకొచ్చేవు?" అంది. ముప్ఫైలోనే వచ్చానండి అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. టైర్లు రోడ్డు మీద గీసిన గీత చూస్తే ఆ మాట నాకే నవ్వొచ్చింది. డెల్టాలో కాలువలో పడ్డ కార్ల కబుర్లు ఏటా పేపర్లో చదువుతాం, నడిపినవాళ్లలో సగం మంది నాలాగే "ముప్ఫైలోనే" అనుకుని ఉంటారు.

సరే, మీటరు లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. ఇది తెలియకే నేను మూడు కేబుళ్లు పోగొట్టుకున్నాను.

గేర్‌బాక్సు వెనక మొనలో, వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టుకి వెళ్లే ఇరుసు మీద ఓ మరచుట్టు పళ్లు ఉంటాయి, వాటిని పట్టుకుని ఓ చిన్న పినియన్, అంటే పళ్ల చక్రం, తిరుగుతుంది. పినియన్‌కి నడిమధ్య నాలుగు పలకల కన్నం. కేబులు ఇన్నరుకి రెండు చివర్లా నాలుగు పలకల మొన ఉంటుంది, కింది మొన ఈ కన్నంలో కూచుంటుంది, పై మొన మీటరులో కూచుంటుంది. చక్రాలు తిరిగితే పురి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. కిలోమీటరుకి వెయ్యి చుట్లు తిరిగే మీటరనుకోండి, గంటకి అరవైలో పోతుంటే నిమిషానికి సరిగ్గా వెయ్యి చుట్లు. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో పది కోట్ల చుట్లు. పాత మీటర్లలో చాలావాటికి డయలు మీదే ఓ మూల సన్నగా ఈ లెక్క అచ్చేసి ఉంటుంది, మీటరు మార్చేటప్పుడు ఆ అంకె కలవకపోతే ముల్లు జీవితాంతం అబద్ధమే చెబుతుంది.

పైన మీటరులో జరిగేది నాకు చాలా ఇష్టం. పురి తిరిగినప్పుడు ఓ అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని కప్పుతూ, ఎక్కడా తాకకుండా, చిన్న అల్యూమినియం గిన్నె. ముల్లు ఆ గిన్నెకి అతికించి ఉంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదని చిన్నప్పుడు బళ్లో చెప్పారు, నిజమే. కానీ అయస్కాంతం పక్కనే తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుడులు పుడతాయి, ఆ సుడులు గిన్నెని కూడా తమతో లాగుతాయి. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. ఈ రెండిటి లాగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే మీ స్పీడు. 1902లో ఒట్టో షుల్ట్సే అనే జర్మన్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, మా 1987 బండిలోనూ అదే. అంటే ముల్లుకీ పురికీ మధ్య ఉన్నది ఉత్త గాలి. కిలోమీటర్ల అంకెలు మాత్రం అలా కాదు, అవి అదే ఇరుసు నుంచి చిన్న చిన్న పళ్ల చక్రాలతో నేరుగా తిరుగుతాయి.

దీనివల్ల ఇంట్లో కూచునే కొంత రోగం కనిపెట్టొచ్చు. ముల్లు చచ్చిపోయి అంకెలు మాత్రం తిరుగుతుంటే కేబులు బాగానే ఉందన్నమాట, తప్పు మీటరులోనే. అంకెలు ఆగి ముల్లు ఆడుతుంటే అంకెల పళ్లు అరిగాయి. రెండూ ఆగితేనే కేబులో, పినియనో, లేదా పైన నట్టు ఊడిందో. ఎందరో కేబులు మార్చేసి, ఆ తర్వాత నట్టు ఊడిందని తెలుసుకుంటారు.

సంక్రాంతికి అక్కా బావా వచ్చారు. ఎనిమిది నెలలుగా పుస్తకంలో రీడింగు గడి ఖాళీగా ఉంది, నాన్నగారు దాన్ని కొట్టెయ్యకుండా గీత గీసి వదిలేస్తున్నారు, తేదీ, గీత, లీటర్లు, మళ్లీ తేదీ, గీత. ఏమీ అనలేదు. ఆ గీతలు చూడలేక, పడేయకుండా దాచిన మూడు తెగిన ఇన్నర్లనీ అరుగు మీద వరసగా పరిచాను. నాన్నగారు పడక్కుర్చీ లోంచి వంగి చూసి ఒకే మాట అన్నారు:

"నూతి తాడు ఎప్పుడూ ఒకే చోట నలుగుతుంటే తాడు మారుస్తావేంట్రా? గిలక చూడాలి."

బ్రహ్మాండమైన మాట. మా బావ కూడా తలూపాడు. తెగింది గేర్‌బాక్సుకి జానెడు దూరంలో కాబట్టి గిలక అంటే గేర్‌బాక్సు వైపే అని ముగ్గురం తేల్చేశాం. భోగి మర్నాడు, పండగ పూట, నేనూ బావా బండి కింద దూరి పినియన్ విప్పాం. గేర్ ఆయిలు నా చొక్కా మీద, పినియన్ పళ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. వేలితో తిప్పితే వెన్నలా తిరిగింది. దాని ఆయిల్ సీలు కాస్త గట్టిపడింది, మార్చాం, అంతకుమించి ఏం లేదు. గారెలు చల్లారిపోయాయని అక్క తిట్టింది, అదొక్కటే లాభం.

ఇక్కడే నాన్నగారి సామెత మమ్మల్ని తప్పుదారి పట్టించింది. తాడు గిలక మీద రాసుకుని నలుగుతుంది, కాబట్టి నలిగిన చోటే గిలక. పురి అలా కాదు, అది మెలితిరిగే వస్తువు. తడి పంచె పిండడం గుర్తు తెచ్చుకోండి. అవతలి కొస ఎవరో గట్టిగా పట్టుకుంటే, ఇవతల మీరు తిప్పుతుంటే, మెలి ఆ కొస దగ్గరా ఈ కొస దగ్గరా మధ్యలో అంతటా ఒక్కలాగే బిగుస్తుంది. బట్ట చిరిగేది మాత్రం ఎక్కడ పాతబడి ఉంటే అక్కడ. పై కొస బిగిసిపోయినా పురి తెగేది కింద కావచ్చు, ఎందుకంటే బలహీనమైన చోటు కిందుంది. తెగిన చోటు బలహీనత ఎక్కడుందో చెబుతుంది, పట్టేసింది ఎక్కడో చెప్పదు. గెంతే ముల్లు కూడా ఇదే చెబుతూ వచ్చింది మాకు. పైన పట్టేసినప్పుడు పురి కాసేపు మెలిపడి ఊరుకుంటుంది, మెలి బలం ఎక్కువయ్యాక ఒక్కసారిగా విదిలించుకుని తిరుగుతుంది, ముల్లు ఎగిరిపడుతుంది, మళ్లీ పట్టేస్తుంది. ఏడాదిన్నర పాటు తీన్మార్ అని నవ్వుకున్నది అదీ.

మర్నాడు కనుమ, ఎక్కడికీ వెళ్లకూడదు కాబట్టి మీటరు విప్పాను. పై నట్టు తీసి, తెగిన పురి ముక్క ఒకటి మీటరు కన్నంలో పెట్టి వేళ్లతో తిప్పాను. తిరగలేదు. ఇంకొంచెం బలంగా తిప్పితే ఓ పావు చుట్టు కదిలి మళ్లీ ఆగింది. ఈ ఇరుసు చిటికెన వేలితో ఊరికే తిరగాలి. లోపల చూస్తే నల్లటి జిగురు, బెల్లం పాకం ముదిరిపోయినట్టు. అది గ్రీజే. మొదటి షెడ్డులో చేటెడు పూశారన్నానే, అదే, దానికి ముందు ఎవరెవరు పూశారో వాళ్లది కూడా. ఇది పైకెలా ఎక్కింది అంటే, పురి అన్నదే మరచుట్టు కదా, రైస్ మిల్లులో స్క్రూ తిరుగుతూ బియ్యాన్ని ముందుకి తోసినట్టు, తిరుగుతున్న పురి గ్రీజుని కొద్దికొద్దిగా పైకి మోసుకెళ్లి మీటరులో పోస్తుంది. అక్కడ దుమ్ముతో కలిసి, డ్యాష్‌బోర్డు వేడికి ఎండి, ఇరుసుని పట్టేస్తుంది. అంటే కేబులు తెగకూడదని పూసిన గ్రీజే కేబుల్ని తెంపింది. ప్రతి కొత్త కేబుల్‌తో పాటు మేం దాని చావుకి సరిపడా సరుకు కూడా కొనిపెట్టాం.

మరి కింద జానెడు దూరంలోనే ఎందుకు తెగింది? దానికి రెండు కారణాలు దొరికాయి. ఎప్పుడో సైలెన్సరు గొట్టం మార్చినప్పుడు కేబులు దానికి తగలకుండా ఓ ఇనప తీగతో పక్కకి లాగి కట్టారు, అక్కడ కొడవలిలా వంగింది. ఈ కేబులు వంపు ఆరంగుళాల వ్యాసార్ధం కన్నా బిగువుగా ఉండకూడదు, రెండు చివర్లలోనూ రెండేసి అంగుళాలైనా తిన్నగా పోవాలి. రెండోది వరద. ఔటరు తొడుగు ఆ వంపు దగ్గరే పగిలి ఉంది. దాన్ని దులిపితే ఒండ్రు రాలింది. 2022 జులై నాటి గోదావరి ఒండ్రు, సన్నగా, పిండిలా. పొలంలో పడితే బంగారం, కేబుల్లో పడితే ఆకురాయి. మూడుసార్లూ ఇన్నరే మార్చారు కాబట్టి కొత్త పురి ప్రతిసారీ వెళ్లి అదే ఒండ్రులో, అదే వంపులో కూచుంది.

ఇక వెయ్యడం. చేద్దామనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను.

ముందు బ్యాటరీ ఎర్తు వైరు తియ్యండి, మీటరు వెనక చెయ్యి పెట్టినప్పుడు ఉంగరమో గడియారమో ఏ వైరుకో తగిలితే పొగలొస్తాయి. బండి కిందకి దూరేముందు చక్రాలకి దిమ్మలు పెట్టండి, ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టుకుని దూరకండి, ఈ మాట చెప్పినందుకు నన్ను పిరికివాడన్నా ఫర్వాలేదు. కేబులు సెట్టు కొనేటప్పుడు ఇన్నరూ ఔటరూ కలిపి కొనండి, నేను విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాను. పాతదాన్ని పక్కన పెట్టి పొడుగు కొలవాలి, ఇక్కడ వేలెడు తేడా కూడా పనికిరాదు. ఇన్నరు పొడుగెక్కువైతే నట్టు బిగించగానే మీటరు ఇరుసుని నెట్టి పట్టేస్తుంది, తక్కువైతే మొన కన్నంలో సగమే కూచుని పలకలు అరిగి గుండ్రమైపోతాయి. కొత్త ఇన్నరు బయటికి తీసి నున్నటి గచ్చు మీద అరచేత్తో దొర్లించి చూడండి. తిన్నగా దొర్లితే మంచిది. ఎక్కడైనా టక్కున గెంతితే అక్కడ లోపల మడత ఉంది, అది ఎంత కొత్తదైనా వాపసిచ్చెయ్యండి. కొట్టువాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

గ్రీజు: పలచగా, వేళ్లకి రాసుకుని ఆ వేళ్లతో పురిని తుడిచినంత. పై చివర జానెడు పొడిగా వదిలెయ్యాలి, కింద నుంచి ఎక్కేది ఎలాగూ ఎక్కుతుంది. ఈ ఒక్క ముక్క మొదటి షెడ్డులో తెలిసుంటే ఈ కథే లేదు. మీటరు ఇరుసుకి గ్రీజు అసలు వద్దు. ఆ జిగురంతా పుల్లకి గుడ్డ చుట్టి పెట్రోలుతో ఓపిగ్గా తుడిచాను, గిన్నెకీ వెంట్రుక స్ప్రింగుకీ పుల్ల తగలకుండా ఊపిరి బిగబట్టి. తర్వాత కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, అది కూడా ఇరుసుకి మాత్రమే. గిన్నె మీద నూనె పడితే మీటరు పాడైనట్టే. వేలితో తిప్పితే ఈసారి గాలిపటం చరఖాలా తిరిగింది, మా మేనల్లుడు పది నిమిషాలు దాంతో ఆడుకున్నాడు.

ఔటరుని ఇంజన్ వైపు నుంచి తెచ్చి, ఇంజనుకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య గోడ కన్నంలో రబ్బరు వాషరు కొత్తది వేశాను, పాతది వేరుశెనగ తొక్కలా విరిగిపోయింది. ఇనప తీగ కోసి పారేసి, వంపు విశాలంగా వచ్చేట్టు ఇంకో చోట క్లిప్పు పెట్టాను, సైలెన్సరుకి బెత్తెడు ఎడంగా. కింద మొన కన్నంలో కూచోవాలంటే ఇన్నరుని పైనుంచి మెల్లగా తిప్పుతూ నొక్కాలి, ఓ చోట డుబుక్కున దిగుతుంది, అది చేతికి తెలుస్తుంది. దిగకుండా నట్టు బిగిస్తే మొన వంగిపోతుంది. పై నట్టు వేళ్లతోనే, ప్లేయరు వద్దు. కట్టేముందు ఓ వెనక చక్రం లేపి, దిమ్మలేసి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పుతుంటే పైన పురి తిరుగుతోందా లేదా అని బావని చూడమన్నాను. "తిరుగుతోంది, తిరుగుతోంది" అని అరిచాడు, చిన్నపిల్లాడిలా. అది ఆయనకి ఇప్పుడు గుర్తు చేస్తే ఒప్పుకోడు.

ఎందుకంటే మా బావ వాదన వేరు. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, అన్నీ మార్చేస్తాడు, బాగుచెయ్యడు. "ఇంత కష్టం దేనికి? జీపీఎస్ మీటరు వస్తోంది, డయలు కూడా పాతదాన్లాగే ఉంటుంది, రెండు వైర్లు కలిపితే అయిపోయె. కేబులే లేకపోతే తెగేదేముంది?" ఇది తీసిపారెయ్యాల్సిన మాటేం కాదు. జీపీఎస్ చూపించే స్పీడు తిన్నటి రోడ్డు మీద మా ముల్లు కన్నా కచ్చితంగానే ఉంటుంది. టైరు సైజు మారినా దానికి పట్టదు. మీటరే పూర్తిగా పాడైపోయి, దొరక్కపోతే నేనైనా అదే పెడతానేమో. కానీ మా మీటరు పాడవలేదు. మురికి పట్టింది. మురికి పట్టిన గిన్నె తోముతాం గానీ వంటిల్లు మార్చం కదా. పైగా మా కేబులు తెగిందన్న కోపంలో ఆ మీటరు పీకేసి ఉంటే, కింద పగిలిన ఔటరు సంగతీ, గట్టిపడిన గేర్‌బాక్సు సీలు సంగతీ మాకు తెలిసేవే కావు. ఆ సీలు పూర్తిగా పోయి ఉంటే గేర్ ఆయిలు కేబులు వెంట మీటరు దాకా పాకేది, కింద గేర్‌బాక్సులో ఆయిలు తగ్గిపోయేది. చిన్న రోగం వదిలేస్తే పెద్ద రోగం కనపడదు. నా వాదన మొత్తం ఇంతే, బావ మాత్రం దీన్ని "గారెలు చల్లార్చిన వాదన" అంటాడు.

చట్టం సంగతి కూడా ఎత్తాను. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండికి స్పీడోమీటరు ఉండి తీరాలి, పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బండిని చూస్తారు. దానికి బావ "ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ ఒక్కచోట నా దగ్గర సమాధానం లేదు.

ఇంకో తగువు అంకెల మీద వచ్చింది. ఎనిమిది నెలల కిలోమీటర్లు మీటరులో ఎక్కలేదు కదా, మీటరు విప్పి చేతిలోనే ఉంది కాబట్టి అంచనాగా ఓ నాలుగు వేలు ముందుకి తిప్పేద్దాం, లెక్క సరిపోతుంది అన్నాడు బావ. వెనక్కి తిప్పితే మోసం గానీ ముందుకి తిప్పితే మోసమేంటని ఆయన పాయింటు. నాకూ సబబే అనిపించింది. నాన్నగారు వద్దన్నారు. ఐదంకెల మీటరు ఇప్పటికే రెండుసార్లు తొంభై తొమ్మిది వేలు దాటి సున్నాకి తిరిగింది, దాన్ని చూసి మొత్తం ఎంతో ఎవరూ చెప్పలేరు, పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. "పుస్తకంలో గీతలున్నాయి కదా, మళ్లీ మీటరులో ఎందుకు" అన్నారు. లీటర్లు ఎలాగూ రాసి ఉన్నాయి, తొమ్మిదితో గుణిస్తే ఎవరికి కావాలన్నా వస్తుంది. ఆగిన అంకె దగ్గరే మళ్లీ మొదలైంది.

వేశాక సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలిగా. హైవే మీద కిలోమీటరు రాళ్లున్నాయి, పది రాళ్లు దాటేసరికి మీటరులో తొమ్మిదీ ముప్పావు తిరిగింది. మొదట కంగారుపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ బండికి కంపెనీ ఇచ్చింది 5.90-15 టైర్లు, మేం ఆమధ్య వేసింది వేరే రకం, చుట్టుకొలత కాస్త ఎక్కువ. పెద్ద చక్రం అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరుకి చుట్లే తెలుసు. అంటే ముల్లు నలభై అంటే నిజంగా నలభై ఒకటి. గట్టు రోడ్డు మీద ఆ ఒక్కటి నేను భరించగలను.

మాఘంలో అందర్నీ ఎక్కించుకుని అంతర్వేది వెళ్లాం, బావ వాళ్లు మళ్లీ వచ్చారు. దర్శనం అయ్యాక నరసాపురంలో ఓ చుట్టరికం చూడాలని సఖినేటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కించాం, పంటంటే బళ్లని కూడా నది దాటించే పెద్ద పడవ. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి దిమ్మలు పెట్టి, అందరం బండిలోనే కూచున్నాం, బయట ఎండ. వశిష్ట పాయ నిండుగా ఉంది. నడిమధ్యకి వచ్చాక బావ తన ఫోను తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. ఫోన్లో గంటకి ఎనిమిది కిలోమీటర్లు. మా ముల్లు సున్నా.

"చూశారా మావయ్యగారూ, మీ అబ్బాయి వేసిన మీటరు. బండి కదుల్తోంది, అది ఒప్పుకోవట్లేదు."

నాన్నగారు కళ్లజోడు సర్దుకుని ఫోనూ చూశారు, ముల్లూ చూశారు, కిటికీ లోంచి నీళ్లు చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, అద్దం కింద పెట్టుకున్న పుస్తకం తెరిచి, అడగకుండానే రెండు వరసలు రాశారు. ఇవాళ్టికీ అందులో అలాగే ఉంది:

సఖినేటిపల్లి రేవు: 41,386.
నరసాపురం రేవు: 41,386. పంటు.